కయాక్‌కు డ్రిల్లు పెట్టే ముందు

వానలు పడి చెరువుల్లోకి నీళ్లు చేరేసరికి ఈ శీర్షికకు ఉత్తరాలు ఎక్కువయ్యాయి. ఈసారి దాదాపు అందరూ అడిగింది ఒకే విషయం, కయాక్‌ను, అంటే తెడ్డుతో నడుపుకునే సన్నటి చిన్న పడవను, చేపల వేటకు ఎలా సిద్ధం చేసుకోవాలి అని. మా కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఆరు ప్రశ్నలు తీసుకున్నాను.

ప్రశ్న: అన్నా, సెకండ్ హ్యాండ్‌లో పది అడుగుల కయాక్ కొన్నాను, పైన కూర్చునే రకం. 140 కిలోలు మోస్తుందని దాని మీద రాసి ఉంది. నేను 82 కిలోలు. నాలుగు రాడ్ హోల్డర్లు, వెనక ఒక పెట్టె, ఫిష్ ఫైండర్ (ధ్వని తరంగాలతో నీటి లోతు, చేపలు చూపించే పరికరం), లంగరు అన్నీ బిగిద్దామని డ్రిల్లు మిషన్ కూడా తెచ్చి పెట్టుకున్నా. రంధ్రాలు ఎక్కడెక్కడ వేయాలో చెప్పు చాలు.
(కర్నూలు)

జవాబు: తమ్ముడూ, ఆ డ్రిల్లు మిషన్‌ను ఒక నెల అటక మీద పెట్టెయ్. ఇప్పుడే ఒక్క రంధ్రం కూడా వేయొద్దు. ఇంట్లో నేల మీద పెట్టిన కయాక్‌లో కూర్చుని "హోల్డర్ ఇక్కడ బాగుంటుంది" అనుకున్న చోటు, నీళ్లలోకి దిగి తెడ్డు వేయడం మొదలుపెట్టగానే తప్పని తెలుస్తుంది. తెడ్డు వేసేటప్పుడు చేతివేళ్లు ఎంత దూరం పోతాయో, వంగితే మోకాలు ఎక్కడికి వస్తుందో, వెనక్కి తిరిగి పెట్టె అందుకుంటే పడవ ఎంత ఒరుగుతుందో, ఇవన్నీ నీటి మీదే తెలిసేవి. అందుకని మొదటి నాలుగైదు సార్లు ఖాళీ పడవతో, ఒక్క రాడ్డుతో వెళ్లు. వస్తువు ఎక్కడ కావాలనిపిస్తే అక్కడ రంగు టేపు ముక్క అంటించు. మూడోసారికి సగం టేపులు పీకి వేరే చోట అంటిస్తావు. టేపు పీకేస్తే పోతుంది, రంధ్రం అలా పోదు.

బరువు లెక్క ముందు చూసుకుందాం. 140 కిలోలు అని రాశారంటే అంత బరువు వేస్తే మునగదని మాత్రమే, అంత బరువుతో హాయిగా వేటాడొచ్చని కాదు. అందులో 70 శాతం దాటనివ్వొద్దనేది అనుభవం ఉన్నవాళ్లు పాటించే లెక్క. అంటే 98 కిలోలు. నువ్వు పోగా మిగిలేది 16. సామాన్లతో పెట్టె ఆరు కిలోలు, బ్యాటరీ రెండున్నర, తాడుతో కలిపి లంగరు ఇంకో రెండున్నర, మన ఎండకు మూడు లీటర్ల నీళ్లు తప్పవు, అక్కడికే 14 అయిపోయింది. ఇంకా చేప పడలేదు! కాబట్టి నాలుగు హోల్డర్ల ఆలోచన మానుకో. తామర తీగల్లో కొరమీను కోసం కప్ప బొమ్మ విసిరేవాడికి రాడ్డు ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది, రెండో రాడ్డుకు వెనక ఒక్క హోల్డర్ సరిపోతుంది. తవుడు, వేరుశనగ చెక్క ముద్దతో బొచ్చె కోసం కూర్చునేవాళ్లకైతే ముందు రెండు కావాలి, అవి కూడా చెయ్యి చాపితే అందాలి, తెడ్డుకు మాత్రం తగలకూడదు.

వెనక హోల్డర్ విషయంలో ఇంకొకటి. మన చెరువుల్లో నీళ్లలోనే తుమ్మ చెట్లు ఉంటాయి. రాడ్డు నిటారుగా నిలబడే హోల్డర్ పెడితే కొమ్మ కింద నుంచి వెళ్లేటప్పుడు ముందు నీ తల వంచుతావు, వెనక రాడ్డు సంగతి గుర్తుండదు. కొమ్మకు తగులుకుని రాడ్డు విరుగుతుంది, లేదంటే పడవ ఒరుగుతుంది. వెనక్కి వాలి ఉండేదో, పడుకోబెట్టే వీలున్నదో చూసుకో.

నెల తర్వాత కూడా అదే చోట టేపు ఉందంటే అప్పుడు డ్రిల్లు తియ్. ఈ పడవలు పాలిథీన్ ప్లాస్టిక్‌వి, గోడ మందం అయిదు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. మామూలు స్క్రూ బిగిస్తే రెండు నెలల్లో వదులై ఊడొస్తుంది. పడవ పైనుండే హ్యాచ్ మూత తెరిచి చెయ్యి పెడితే లోపలివైపు అందే చోటైతే స్టెయిన్‌లెస్ బోల్టు, లోపల పెద్ద వాషర్, నైలాన్ లాక్ ఉన్న నట్టు. అంతకంటే గట్టిది లేదు. చెయ్యి అందని చోట లోపలికి వెళ్లి మూడు రెక్కలుగా విచ్చుకునే అల్యూమినియం రివెట్లు దొరుకుతాయి, అవి వాడు. రబ్బరు నట్లు చిన్న చిన్న వస్తువులకు బాగుంటాయి, లంగరు బరువు లాగే చోట వాటిని నమ్మొద్దు. రంధ్రం చిన్న బిట్‌తో మొదలుపెట్టి పెద్దది చెయ్యి, మిషన్ నెమ్మదిగా తిప్పు, లేకపోతే ప్లాస్టిక్ కరిగి అంచు పాడవుతుంది. బిట్ మీద కూడా టేపు చుట్టి లోతుకు హద్దు పెట్టుకో. సీటు కింద నీళ్లు బయటికి పోయే స్కప్పర్ గొట్టాలు పైనుంచి కిందికి ఉంటాయి, వాటికి పొరపాటున బిట్ తగిలితే నీళ్లు నేరుగా పడవ కడుపులోకి వస్తాయి.

తప్పు చోట రంధ్రం పడితే ఎం-సీల్‌తో పూడ్చేద్దాం అనుకుంటారు. అది ఎపాక్సీ, పాలిథీన్‌కు అంటుకోదు, గట్టిపడ్డాక బిళ్లలా ఊడి చేతికొస్తుంది. సిలికాన్ కూడా దానికి సరిగా పట్టుకోదు, బోల్టుకూ ప్లాస్టిక్‌కూ మధ్య నలిగి వాషర్‌లా పనిచేస్తుంది అంతే. పూడ్చాలంటే అదే రకం ప్లాస్టిక్‌ను వేడితో కరిగించి వెల్డింగ్ చేయాలి, లేదా రెండు వైపులా రబ్బరు వాషర్లు వేసి అక్కడ ఒక బోల్టు బిగించి వదిలెయ్యాలి.

ప్రశ్న: గండికోట రిజర్వాయర్‌లో వేటాడుతుంటాను. గాలికి పడవ నిలవడం లేదు. పక్కన మోసే హ్యాండిల్ ఉంది కదా, దానికే తాడు కట్టి లంగరు వేయొచ్చా? ఎంత తాడు కావాలి?
(జమ్మలమడుగు)

జవాబు: పక్క హ్యాండిల్‌కు కట్టొద్దు. దీని గురించి నేను గట్టిగానే చెప్తాను, ఎందుకంటే నేనే ఆ పని చేశాను. తుంగభద్రలో, సుంకేసుల బ్యారేజీ దిగువన, ప్రవాహం మెల్లగానే ఉందనుకుని నడుము దగ్గరి హ్యాండిల్‌కు లంగరు తాడు కట్టాను. లంగరు రాళ్ల మధ్య ఇరుక్కుంది, పడవ ప్రవాహానికి అడ్డం తిరిగింది, తాడు ఉన్న వైపు అంచు కిందికి వంగి నీళ్లు ఎక్కడం మొదలైంది. తాడు విప్పుదామంటే బిగుసుకుపోయి ముడి రాదు. కాస్త దూరంలో పుట్టిలో వలలు తీస్తున్న పెద్దాయన "కోసెయ్ నాయనా, తాడు కోసెయ్" అని అరిచాడు. నడుముకు కత్తి ఉంది కాబట్టి బయటపడ్డాను. ఆరోజు నుంచి కత్తి లేకుండా లంగరు పట్టుకెళ్లడం మానేశాను. మీరూ లైఫ్ జాకెట్‌కే ఒక కత్తి తగిలించుకోండి, పెట్టెలో పెడితే అవసరానికి చేతికి రాదు.

లంగరు తాడు పడవను ఎప్పుడూ ముక్కు దగ్గరో, తోక దగ్గరో పట్టి ఉంచాలి, అప్పుడే గాలి, అల రెండూ సన్నటి కొసను తాకి పక్కలకు జారిపోతాయి. కానీ కూర్చున్న చోటు నుంచి ముక్కు దాకా చెయ్యి అందదు. అందుకు చేసే ఏర్పాటు చాలా తేలిక. పడవ ఒక పక్కన ముక్కు దగ్గర ఒక చిన్న గిలక, తోక దగ్గర ఒక గిలక బిగించి, రెండింటి మీదుగా తాడును గుండ్రంగా వేయాలి, బావి గిలక మీద చేద తాడు తిరిగినట్టే ఇదీ తిరుగుతుంది. ఆ తాడులో ఒక రింగు. లంగరు తాడును ఆ రింగులోంచి పోనిచ్చి, మీ దగ్గర ఉన్న బిగింపుకు పట్టించి, గిలకల మీది తాడు లాగితే రింగు ముక్కు దగ్గరికో తోక దగ్గరికో వెళ్తుంది. లంగరు తాడు చివర ఒక తేలే డబ్బా కట్టి ఉంచండి. పెద్ద చేప పడి లాక్కుపోతున్నా, ప్రమాదం అనిపించినా తాడు వదిలేసి పోవచ్చు, తర్వాత వచ్చి డబ్బా పట్టుకుని తీసుకోవచ్చు.

తాడు పొడవు నీటి లోతు కాదు, దానికి మూడు నుంచి ఐదు రెట్లు ఉండాలి. తాడు ఏటవాలుగా ఉంటేనే లంగరు కొక్కెం నేలను గీరుకుని పట్టుకుంటుంది, నిటారుగా ఉంటే లేచి వస్తుంది. ఇరవై అడుగుల లోతుకు అరవై నుంచి వంద అడుగుల తాడు అన్నమాట. దానికి ఒకటిన్నర కిలో మడత లంగరు చాలు. ఇక్కడే గండికోటతో చిక్కు. లోయలో రాతి గోడలు నిటారుగా నీళ్లలోకి దిగిపోతాయి, గోడ పక్కనే లోతు విపరీతం, అంత తాడు కయాక్‌లో పెట్టుకోలేరు. పైగా ఆ రిజర్వాయర్ కింద మునిగిన ఊళ్లు ఉన్నాయి, ఇళ్ల గోడలు, చెట్లు. లంగరు వాటికి చిక్కితే మళ్లీ రాదు. అలాంటి చోట లంగరు వద్దు, గాలికి పడవను పోనిస్తూనే వేటాడండి, వేగం తగ్గించడానికి వెనక నీళ్లలో గుడ్డ గరాటా ఒకటి వదలండి. బియ్యం సంచి మూతికి తీగ రింగు కుట్టి, అడుగున గుప్పెడంత రంధ్రం ఉంచి నేను చేసుకున్నది రెండేళ్లుగా పనిచేస్తోంది.

మైలవరం రిజర్వాయర్ అంచుల్లో, ఊరి చెరువుల్లో నాలుగైదు అడుగుల నీళ్లుంటే లంగరే అక్కర్లేదు. పొడవాటి వెదురు గెడ బురదలో గుచ్చి ఆ రింగుకే కట్టుకోండి. చప్పుడు ఉండదు, చేప బెదరదు.

ప్రశ్న: బ్రో, నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. కయాక్‌కే డబ్బులు అయిపోయాయి. ఆన్‌లైన్‌లో వెనక పెట్టే ఫిషింగ్ క్రేట్ ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. తక్కువలో దారి చెప్పండి.
(అనంతపురం)

జవాబు: టమోటా మార్కెట్ ఉన్న జిల్లాలో ఉండి క్రేట్ కొనడమేంటి! పాత ప్లాస్టిక్ క్రేట్ ఒకటి అడిగి తెచ్చుకో. అయితే నిండు సైజు క్రేట్ చిన్న పడవ వెనక గుంతలో పట్టదు, ముందు ఆ గుంత కొలతలు తీసుకుని వెళ్లు. వ్యవసాయ పైపుల షాపులో ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు ముక్క కొని, అడుగున్నర పొడవున కోసి, క్రేట్ వెనక గోడకు లోపలివైపు కేబుల్ టైలతో రెండు చోట్ల కట్టు. రాడ్డు పిడి దూరుతుందో లేదో షాపులోనే చూసుకో. పై అంచును సాండ్ పేపర్‌తో రుద్దు, లేదంటే రాడ్డు పిడి గీసుకుపోతుంది. రీలు కాలు కూర్చోడానికి పై అంచులో చిన్న గాడి కోస్తే రాడ్డు తిరగకుండా నిలుస్తుంది. క్రేట్‌ను సాగే తాళ్లతో పడవకు నాలుగు మూలలా కట్టు, ఒక్క తాడు చాలదు, బోల్తా పడితే అన్నీ పోతాయి. దీనికి పడవలో ఒక్క రంధ్రం కూడా వేయాల్సిన పని లేదు, అందుకే ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్పు.

కాళ్ల కింద చప్పుడు కాకుండా, జారకుండా పిల్లలు ఆడుకునే రబ్బరు ఫోమ్ పలకలు కోసి పరుచుకో. నీళ్లు పీల్చే స్పాంజి మాత్రం వద్దు. డబ్బులు మిగిల్చుకోవాల్సింది లైఫ్ జాకెట్‌కూ మంచి తెడ్డుకూ. వెడల్పాటి ఫిషింగ్ కయాక్‌కు పొట్టి తెడ్డు వేస్తే ప్రతి పోటుకూ చేతివేళ్లు పడవ అంచుకు కొట్టుకుంటాయి, 240 సెంటీమీటర్లు లేదా అంతకంటే పొడవుది చూసుకో.

ప్రశ్న: మందు కొట్టే స్ప్రేయర్‌లో ఉన్న బ్యాటరీ ఫిష్ ఫైండర్‌కు వాడుకోవచ్చా? గాజులదిన్నెలో వారానికి ఒకసారి వెళ్తాను.
(ఎమ్మిగనూరు)

జవాబు: వాడొచ్చు. ఆ స్ప్రేయర్లలో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల 8 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. చిన్న ఫిష్ ఫైండర్ సగం ఆంపియర్ లాగుతుందనుకుంటే కాగితం మీద 16 గంటలు వస్తుంది, కానీ లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి 8 గంటలు అనుకోండి, ఒక రోజు వేటకు ధారాళంగా సరిపోతుంది. ప్లస్ తీగ మీద బ్యాటరీకి దగ్గర్లోనే చిన్న ఫ్యూజు వేయండి, ఎంత ఆంపియర్లదో ఫైండర్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. నీళ్లు చొరబడని వంటింటి డబ్బాలో బ్యాటరీ పెట్టి, పడవ మధ్యలో, వీలైనంత కిందికి ఉంచండి.

ఒక్క మాట మాత్రం బతిమాలి చెప్తున్నాను. పొలంలో వాడుతున్న స్ప్రేయర్ బ్యాటరీనే వారం వారం ఊడదీసి తేవద్దు. దాని మీద, తీగల మీద పురుగుమందు ఉంటుంది, అదే చేత్తో ఎర ముద్ద కలుపుతారు, అదే చేత్తో చేప పట్టి ఇంటికి తెస్తారు. వేటకు వేరే కొత్త బ్యాటరీ కొనుక్కోండి, పెద్ద ఖర్చు కాదు.

ఫైండర్ సెన్సర్ కోసం కూడా రంధ్రం అవసరం లేదు. పడవ లోపల అడుగున, గాలి బుడగ లేకుండా మెత్తటి పుట్టీలో అదిమి కూర్చోబెడితే ఒక పొర ప్లాస్టిక్ గుండా తరంగం బాగానే పోతుంది. బుడగ ఉందంటే మాత్రం ఏమీ కనబడదు. నీటి ఉష్ణోగ్రత ఒక్కటి తప్పు చూపిస్తుంది, అది పడవ అడుగు వేడి.

ప్రశ్న: వేసవి అంతా మిద్దె మీద పెట్టాను. ఇప్పుడు అడుగున సొట్ట పడింది. పనికొస్తుందా?
(కడప)

జవాబు: పనికొస్తుంది. మే నెల ఎండలో మన మిద్దె మీద ఆ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, సొంత బరువుకే సొట్ట పోతుంది. మళ్లీ ఎండలోనే తిరగేసి పెట్టండి, చాలాసార్లు సగం దానంతట అదే లేస్తుంది. మిగిలినదానికి వేడినీళ్లు పోసి లోపలి నుంచి చేత్తో నెట్టి, చల్లారేదాకా అలాగే పట్టి ఉంచండి. ఇకమీదట చెట్టు నీడలో, పక్కకు పడుకోబెట్టి, కింద పాత టైర్లు గానీ బొంతలు గానీ వేసి ఉంచండి. కారు మీద కట్టినప్పుడు బెల్టులు మరీ బిగించొద్దు. హ్యాచ్ మూత కొంచెం తెరిచి ఉంచండి, లోపలి గాలి వేడికి ఉబ్బుతుంది. ఎండలో కాగిన పడవను అలాగే చల్లటి నీళ్లలోకి తోస్తే లోపలి గాలి ముడుచుకుని, వదులుగా ఉన్న ప్రతి బోల్టు దగ్గర నుంచీ నీళ్లు పీలుస్తుంది. దిగే ముందు పది నిమిషాలు నీడలో ఆగండి, లోపలి నీళ్లు వదిలే డ్రెయిన్ ప్లగ్ బిగించారో లేదో అప్పుడే చూసుకోండి.

ప్రశ్న: అన్నగారూ, మా ఆయన ఆదివారం వస్తే చాలు కయాక్ వేసుకుని వెలుగోడు రిజర్వాయర్ వైపు వెళ్తారు. వచ్చేదాకా నాకు టెన్షన్. ఆయనకు ఈత వచ్చు, అందుకే జాకెట్ వేసుకోనంటారు. సీటుకు అడ్డం వస్తుందట. పర్మిషన్ లాంటిది ఏమైనా కావాలా?
(నంద్యాల)

జవాబు: అమ్మా, మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. ఇది ఆయనకు చదివి వినిపించండి.

వీపు ఎత్తుగా ఉండే సీటుకు మామూలు జాకెట్ అడ్డం వస్తుంది, నిజమే. దానికోసం వెనక భాగంలో ఫోమ్ పైకి మాత్రమే ఉండి, నడుము దగ్గర వల గుడ్డ ఉండే జాకెట్లు ఉన్నాయి, సీటు మీద సరిగ్గా కూర్చుంటాయి. కనీసం 50 న్యూటన్ల తేలే శక్తి ఉన్నది, ఆయన బరువుకు తగిన సైజు చూసి కొనండి. ఈల ఒకటి దానికే కట్టాలి. ఈత వచ్చినవాళ్లే తుమ్మ ముళ్లలో, వల తాళ్లలో కాలు చిక్కుకుని అలసిపోతారు. అప్పుడు ఈత కాదు, తేలడం కావాలి.

రెండోది, పడవకు ఎన్ని సామాన్లు బిగిస్తే మళ్లీ ఎక్కడం అంత కష్టం. హోల్డర్, ఫైండర్ కాడ, గిలకలు అన్నీ జాకెట్‌కు తగులుకుంటాయి. కాబట్టి ప్రతి కొత్త బిగింపు తర్వాత నడుము లోతు నీళ్లలో, పక్కన ఇంకొకరు ఉండగా, పడవను కావాలనే బోల్తా కొట్టించి ఎక్కి చూడాలి. తిరగబడ్డ పడవ మీదుగా చెయ్యి చాపి అవతలి అంచు పట్టుకుని లాగితే అది నిలబడుతుంది. తర్వాత నీళ్లలో కాళ్లు తపతప కొడుతూ శరీరాన్ని అడ్డంగా తేల్చి, ముందు బొజ్జ పడవ మీదికి, తర్వాత తిరిగి పిరుదులు సీటులోకి, చివరికి కాళ్లు. ఎక్కే వైపు ఏదీ బిగించకుండా ఖాళీగా ఉంచుకోవాలి. నాకు అయితే ఎడమ వైపు మొత్తం ఖాళీ.

మన పెద్ద రిజర్వాయర్లలో మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, జూన్ నుంచి ఆగస్టు దాకా మరీను. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. తెల్లారి దిగి పదింటికల్లా గట్టెక్కడం మంచిది. తూములు, కాలువ గేట్ల దగ్గరికి పోకూడదు. తుంగభద్ర, కృష్ణ నీళ్లలో మొసళ్లు ఉన్నాయి, అక్కడ పట్టిన చేపలను పక్కన నీళ్లలో వేలాడదీయడం, కాళ్లు కిందికి వదిలి కూర్చోవడం వద్దు.

పర్మిషన్ సంగతికి వస్తే, మన చెరువులు చాలావరకు మత్స్యకారుల సహకార సంఘాలకు లీజులో ఉంటాయి, చేపపిల్లలు వదిలింది వాళ్ల డబ్బుతో. సంఘాన్ని అడగకుండా గాలం వేయడం వాళ్ల చేనులో కోత కోయడంతో సమానం. రిజర్వాయర్లకైతే జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో లైసెన్సు గురించి కనుక్కోవాలి. శ్రీశైలం నీళ్ల వైపు పులుల అభయారణ్యం హద్దు ఉంది, అందులోకి అటవీశాఖ అనుమతి లేకుండా దిగకూడదు. ఆయన్ను ముందు రోజు సాయంత్రమే గట్టు మీదికి వెళ్లి పుట్టి వాళ్లతో మాట్లాడమనండి. వలలు ఎక్కడ వేశారో, నీళ్ల కింద చెట్లు ఎక్కడున్నాయో వాళ్లు చెయ్యి చాపి చూపిస్తారు. మీరు కూడా ఒకసారి వెంట వెళ్లి, వాళ్లలో ఒకరి ఫోన్ నంబరు తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి.